రెండు జెండాలు ఎక్కిన లారీ

"అమ్మమ్మా, ఫొటోల తాత నెత్తి మీద గా గీత ఏందే? మామయ్యనడిగితే ఫుట్‌బాల్ ఆటల పలిగింది అంటుండు. బంతి తాకితే నెత్తి పలుగుతదా?"

బంతి తాకితే ఎందుకు పలుగుతది బిడ్డా, రాయి తాకితే పలిగింది. ఆగు, గా ఫోను జర పక్కకు పెట్టు. మొఖం ముంగట పెడితే నాకు మాట రాదు. ఆఁ, గట్ల. ఇనవడుతదా దానికి? సరే ఇగ.

మీ తాత బెల్లంపల్లిల ఫుట్‌బాల్ ఆడుతుండె. ఇప్పుడు మీరందరు క్రికెట్ క్రికెట్ అంటరు గని, గప్పుడు దాన్ని అడిగినోడే లేడు. తెల్లదొరలు ఉండిరి గదా, బాయిల మేనేజర్లు... బాయి అంటే నీళ్ళబాయి కాదు, బొగ్గు తీసే దాన్ని మేము బాయి అనే అంటం... గా దొరలు నేర్పిండ్రట మనోళ్ళకు. దొరలు పోయిరి, నిజాం పాయె, బంతి మాత్రం ఆడనే ఉండిపాయె. మొదటి షిఫ్టు దిగి వచ్చుడు, రెండు చెంబులు నీళ్ళు పోసుకునుడు, గ్రౌండుకు ఉరుకుడు. కండ్ల సుట్టు బొగ్గు గట్లనే ఉంటుండె, కాటుక పెట్టుకున్నట్టు. బూట్లు ఉన్నోళ్ళు కొందరే. మిగితోళ్ళు కాళ్ళకు గుడ్డపట్టీలు సుట్టుకొని ఆడుతుండిరి.

మేము హుస్నాబాద్ దిక్కోళ్ళం, నీకెర్కే గదా. మా బాపు మగ్గం నేసేటోడు. నూలు దొరకకపాయె, నేసిన బట్ట అమ్ముడుపోకపాయె. మగ్గం ఇప్పి అటక మీద పెట్టి, నన్ను, మా తమ్ముడు ఓదెలును పట్టుకొని బొగ్గుబాయిల పనికి వచ్చిండు. శాన దినాలు బతుకలే పాపం. ఓదెలును గూడ బాయిలనే పెట్టుకున్నరు. నన్ను మీ తాతకు ఇచ్చిండ్రు. ఏందీ, పేరు జెప్పాల్నా? నేనెట్ల చెప్త పేరు! నువ్వే రాసుకో.

ఆఁ, ఆట ముచ్చట. ఊర్ల రెండు టీములుండె. మేముండేది పాతలైన్లు, కంపెనీ ఇండ్లు వరుసగా ఉంటయి సూడు, గాడ. ఆడంత మూడురంగుల జెండా కార్మిక సంఘం. అటు దిక్కు బజారు బస్తీ, గది ఎర్రజెండా సంఘం. మా తమ్ముడు ఆడుండె, మా అవ్వ, నన్ను కన్నతల్లి, గూడ వాని దగ్గర్నే. సంఘానికొక టీము. టీము ఓడితే సంఘమే ఓడినట్టు. ఆదివారం ఆట అయిపోయినా, సోమవారం బాయిల దిగినంక గూడ గదే లొల్లి. చాయ్ హోటళ్ళు గూడ ఎవలయి వాళ్ళయే. అణా పెడితే గిలాస నిండ చాయ్. మనోని హోటల్ల చాయ్ నీళ్ళ లెక్క ఉన్నా గాడనే తాగాలె. అవతలోళ్ళ హోటల్ల కూసుంటే, గంతే, మాపటికల్ల లైన్లన్నిటికి ఎర్కయితుండె.

ఆడోళ్ళం మేమూ పోతుంటిమి సూడ. గ్రౌండు పక్కకు బొగ్గుపొడి కుప్ప ఉంటుండె, దాని మీద ఎక్కి నిలవడుతుంటిమి. ఇంటికొచ్చేటాలకు చీర కుచ్చిళ్ళు నల్లగయ్యేటియి, మా అత్త తిట్టేది. మీ తాత బ్యాకు ఆడుతుండె, అంటే గోలు దగ్గరికి ఎవ్వన్ని రానియ్యకుంట అడ్డుకునుడు ఆయన పని. మా ఓదెలు ముంగట ఆడుతుండె, గోలు కొట్టుడు వాని పని. ఇగ సూడు నా గతి! ఒక్క ఆటల నా మొగడు, నా తమ్ముడు ఎదురుబొదురు. ఎటు దిక్కు ఒర్రాలె నేను? ఓదెలు ఉరుకుతుంటే నా కాళ్ళే ఉరికినట్టు ఉంటుండె. మీ తాత బంతి గుంజుకుంటే గుండె నిమ్మలమవుతుండె. నోరు మాత్రం మూసుకొని నిలవడుతుంటి.

ఒక ఏడు ఏమైందంటే... ఆంధ్రప్రదేశ్ అయినంకనే, అవును, నయాపైసలు అప్పుడప్పుడే వచ్చినయి... సంఘం ఓట్లు దగ్గరికొచ్చినయి, ఇద్దరి టీములకు ఆట పడ్డది. ఓదెలు అప్పటికే ఎర్రజెండా మీటింగులల్ల మాట్లాడుతుండె. మంచిగ మాట్లాడేటోడు, మైకు లేకున్నా ఆఖరి లైను దాక ఇనవడుతుండె. గా దినం ఆటల బంతి తీస్కొని ఉరికొస్తుంటే మీ తాత అడ్డం పోయిండు. ఇద్దరు పడ్డరు. మీ తాత లేసిండు. ఓదెలు లేవలే. మోకాలు కింద బొక్క ఇరిగింది.

ఇగ లొల్లి సూడు. మూడురంగుల సంఘపోళ్ళు చెప్పి తన్నిపిచ్చిండ్రని బజారోళ్ళు. ఆటన్నంక తాకదా అని మనోళ్ళు. ఓదెలు మంచంల పడ్డడు. మీ తాత సూడ పోలేదనుకోకు, పోయిండు. దర్వాజల మా మరదలు రాజవ్వ నిలవడ్డది, ఓదెలు భార్య. "ఏం సూడ వచ్చినవన్నా? ఇంకొక కాలు ఉన్నది, గది గూడ ఇరగ్గొడుతవా?" అన్నది. మీ తాత గటు సంది గటే మర్లొచ్చిండు. గా దినం సంది మాటల్లేవు. ఓదెలుకు కాలు అతుక్కున్నది, జర కుంటుకుంట మళ్ళ ఆట గూడ షురూ జేసిండు, గని బావా అని మాత్రం పిలువలే. అవ్వను సూడనీకి నేను పోతే రాజవ్వ లోపలింట్లకు పోతుండె. బతుకమ్మ ఆడంగ గూడ నన్ను జూసి అటు వరుసల కలిసింది. మీ తాతనేమో అన్నం ముంగట కూసుండి, ఎవ్వలడగకున్నా, "నేను బంతినే జూసిన, కాలును జూడలే" అంటుండె. తినకపోతుండె సక్కగ.

గట్ల ఏడాది గడిచింది. మళ్ళ వానకాలం వచ్చింది. ఆదిలాబాదుల జిల్లా టోర్నమెంటు పెట్టిండ్రు. ఊరికొక్కటే టీము రావాలె అన్నరు. ఏ టీము పోవాలె? పంచాయితీ మీద పంచాయితీ. ఆఖరికి ఊరి ఇజ్జత్ ముచ్చట అని చెప్పి సగం సగం అన్నరు. కెప్టెన్ బజారోడు, గోలుకాడ నిలవడేటోడు పాతలైన్లోడు. గది తెగింది. మళ్ళ బనీన్ల రంగు కాడ ఆగింది. ఎర్రయి మనోళ్ళు ఏసుకోరు. తెల్లయి, ఆకుపచ్చయి వాళ్ళు ఏసుకోరు. ఏం జేస్తరు? పసుపురంగు అద్దిపిచ్చిండ్రు. పసుపుకు ఏ సంఘం లేదు గదా! నవ్వకు, నిజంగనే. వానల తడిస్తే గా రంగు కారి అందరికి నలుగు పెట్టినట్టు అయ్యేది.

బొగ్గు లారీ కడిగిపిచ్చి తెచ్చిండ్రు. దాని ముంగట అటొక జెండా ఇటొక జెండా. ఒక జెండా కట్టె జానెడు పొడుగున్నదని మళ్ళ లొల్లి, కట్టె కోసి సమానం జేసిండ్రు. లారీల ఇటు పక్కకు మనోళ్ళు, అటు పక్కకు వాళ్ళు, నడుమ బంతి. మీ తాత, ఓదెలు సరిగ్గ ఎదురుంగనే కూసున్నరు, మోకాళ్ళు మోకాళ్ళు తాకేటట్టు. ఒకడు ఇటు సూస్తడు, ఒకడు అటు సూస్తడు. అవ్వ వచ్చి ఇద్దరికి జొన్నరొట్టెలు కట్టిచ్చింది, ఒక్కటే మూట. గా మూట ఎవ్వడు పట్టుకోలే, బంతి పక్కకే పడి ఉన్నది. నేను సూస్తనే ఉన్న, లారీ కదిలింది.

ఆట అయిన తెల్లారి రావాలె వాళ్ళు. రాలే. వాన పట్టుకున్నది బిడ్డా, ఇడువలే. ఆసిఫాబాద్ అవతల వాగులుంటయి, గప్పుడు వంతెనలు యాడియి? వాగొస్తే ఆగుడే. వానకు ఆగిండ్రేమో అని అందరు ఊకున్నరు. మళ్ళొక దినం పోయింది. మాపటి బండికి ఒక బట్టల బేరగాడు దిగిండు. వాగులు నిండకముందే ఆఖరి బస్సుల ఆదిలాబాదు నుంచి బయటపడి, ఆసిఫాబాదుల ఒక రాత్రి ఆగి వచ్చిండట. వాడు టేషన్ల చెప్పిండు, "మీ బెల్లంపల్లోళ్ళు ఆట కాడ కొట్లాడిండ్రు, ఒకని నెత్తి పలిగింది, అంగి మొత్తం నెత్తురే, ఎత్తుకొని లారీల ఏసుకున్నరు, ఉన్నడో పోయిండో" అని. పేరు ఎర్కలేదన్నడు వాడు.

ఇగ ఏం జెప్పాలె! బజారోళ్ళు ఓదెలును సంపిండ్రన్నరు. పాతలైన్లోళ్ళు నా మొగన్ని సంపిండ్రన్నరు. ఎవ్వలు సూసిండ్రు? ఎవ్వలు సూడలే. గని అందరు సూసినట్టే చెప్తుండ్రు. ఒకామె నా ఇంట్లకొచ్చి అప్పుడే ఏడుపు షురూ జేసింది. నాకు ఏడుపు రాలే. నాకు ఒక్కటే బుగులు. మీ తాత పోయిండంటే సంపినోడు నా తమ్ముడైతడు, తమ్ముడు పోయిండంటే సంపినోడు నా మొగడైతడు. ఎట్లజూసినా రెండిండ్లు మునిగినట్టే. కొండగట్టు అంజన్నకు మొక్కుకున్న, ఇద్దరు పానాలతో వస్తే ఇద్దరి తలనీలాలు ఇప్పిస్త సామీ అని.

పొద్దుగాల లేసి సూస్తే చౌరస్తల ఇటు దిక్కు కట్టెలు పట్టుకొని మనోళ్ళు, అటు దిక్కు కట్టెలు పట్టుకొని వాళ్ళు. షిఫ్టుకు ఎవ్వలు పోలే. పోలీసోళ్ళు నడుమ నిలవడ్డరు. గప్పుడు నేను నీళ్ళ నల్ల కాడ ఉన్న. రాజవ్వ వచ్చింది. గంత మంది నడుమకెల్లి, పోలీసోళ్ళ పక్కకెల్లి, వానల తడుసుకుంట వచ్చింది. మనోళ్ళు ఎట్లెట్లనో సూసిండ్రు. తిట్టనీకి వచ్చిందేమో అనుకున్న నేను.

"వదినె," అన్నది. ఏడాదికి ఇన్న గా మాట. "నా మొగడు సచ్చినా, నీ మొగడు సచ్చినా, ఇంట్ల అవ్వ ఏడుపు ఒక్కటే గదా. కొడుకు కోసం ఏడువాల్నో, అల్లుని కోసం ఏడువాల్నో తెలువక పొద్దటి సంది గోడకు ఆనుకొని కూసున్నది. ఈళ్ళు కొట్టుకొని సస్తే సావనియ్యి. మనం పోయి సూసొద్దాం పా."

నేను బిందె గాడనే పెట్టిన. పిల్లగాండ్లను అవ్వ దగ్గర ఇడిసినం. టేషన్ల బండెక్కినం. ఆసిఫాబాద్ రోడ్డు టేషన్ల దిగి బస్సు ఎక్కినం. బస్సు ఆసిఫాబాదు దాటి జర దూరం పోయి ఆగింది. ముంగట వాగు. ఎర్రటి నీళ్ళు, చెట్లకు చెట్లే కొట్టుకొస్తున్నయి. గా సప్పుడుకు పక్కనున్నోళ్ళ మాట ఇనవడది.

అవతలి ఒడ్డుకు లారీ!

రెండు జెండాలు తడిసి కట్టెలకు అంటుకున్నయి. లారీ సుట్టు పసుపు బనీన్లు. రాజవ్వ నా కంటే ముందే గుర్తుపట్టింది. "అగో, అగో, కుంటుతుండు సూడు వదినె, నా మొగడే!" అని గట్టిగ ఒర్రింది. ఓదెలే. వాని నడకను నేను గుర్తుపట్టనా? పానం లేసొచ్చింది. గంతల్నే మళ్ళ బుగులు వట్టింది. మరి మీ తాత యాడ? ఒక్కొక్కన్ని సూస్తున్న, గా ఎత్తు, గా భుజాలు... లేడు. రాజవ్వ గూడ సూసింది లేడని. దాని నవ్వు ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకున్నది, గట్టిగ, గాజులు గుచ్చుకునేటట్టు. నేను నెత్తి మీద చెయ్యి పెట్టుకొని ఓదెలుకు సైగ జేసిన, ఏడిరా నా మొగడు అని.

వాడు ఇటు జూసిండు. జర సేపు ఎవ్వలో తెలువలేదట వానికి. తెలిసినంక లారీ దిక్కు ఉరికిండు, కుంటుకుంట. వెనుక తలుపు దించిండు, లోపలికి ఎక్కిండు. ఇగ ఎత్తి సూపిస్తడు పీనుగను అనుకున్న. ఎత్తి సూపిచ్చిండు గని, పీనుగను కాదు బిడ్డా. నెత్తికి తువ్వాల సుట్టుకున్న మనిషిని సంకల కింద పట్టుకొని లేపిండు. నడుముకు చెయ్యేసి నిలవెట్టిండు. గా మనిషి సన్నగ చెయ్యి ఎత్తిండు.

మీ తాత!

నేను గా బురదల్నే కూలవడ్డ. రాజవ్వ గూడ. ఇద్దరం ఒకల మీద ఒకలం పడి ఏడిస్తిమి, నవ్వితిమి, మళ్ళ ఏడిస్తిమి. బస్సుల వచ్చినోళ్ళు పిచ్చోళ్ళనుకున్నరు కావచ్చు. మాపటీలి దాక గా ఒడ్డు మీదనే ఉన్నం. రాజవ్వ కొంగుల పల్లీలుండె. ఇద్దరం తినుకుంట, ఏడాది ముచ్చట్లన్ని జెప్పుకున్నం. ఎవ్వల పిల్లకు పండ్లొచ్చినయి, ఎవ్వల కోడి ఎవ్వలు దొంగిలిచ్చిండ్రు, నేను అంజన్నకు మొక్కిన మొక్కు, అన్ని.

వాన ఇడిసింది, పొద్దు ఇంకా ఉండంగనే నీళ్ళు తగ్గినయి. అవతల గోండుల గూడెం ఉండె. గా గూడెం పెద్దమనిషి కట్టెతోని లోతు జూసుకుంట ముంగట నడిసిండు, ఎన్క మనోళ్ళు మోకు పట్టుకొని ఒక్కొక్కడు. మీ తాతను ఓదెలు పట్టుకొని తెచ్చిండు. నడుముల దాక నీళ్ళు. ఒడ్డు ఎక్కినంక నేనేం జేసిననో ఎర్కేనా? అందరి ముంగట మీ తాత ఎదురొమ్ము మీద గుద్దిన, రెండు చేతుల్తోని. ఒక్క మాట కబురు పంపరాదా అని. ఎట్ల పంపుతడు, వాగు దాటి! తువ్వాల ఇప్పి సూస్తే సగం నెత్తి గొరిగి ఉన్నది, కుట్లేసేటప్పుడు కంపౌండరు గొరిగిండట. రాజవ్వ సూసి, "వదినె, నీ మొక్కు అంజన్న సగం ముందే తీస్కున్నడు" అన్నది. అందరు ఒక్కటే నవ్వుడు.

అయిందేందో ఓదెలు చెప్పిండు. ఆట ఆఖరుకు వచ్చిందట. ఆదిలాబాదోళ్ళు ఒక గోలు మీదున్నరు. మనకు పెనాల్టీ వచ్చింది, అంటే గోలుకాడోడు ఒక్కడే ఉంటడు, ఎదురుంగ నిలవడి కొట్టుడు. ఓదెలు కొట్టిండు. బురదల కాలు జారింది, గా ఇరిగిన కాలే. బంతి యాడికో పోయింది. ఆట ఓడిండ్రు. అవతలి జనం కుంటోడా, బొగ్గు మొఖపోడా అని ఎక్కిరిచ్చిండ్రు, మరాఠీల గూడ ఏందో అన్నరట. మనోళ్ళల్ల గూడ ఒగలిద్దరు మొఖం తిప్పుకున్నరు. ఓదెలు లేవలే, గాడనే కూసున్నడు. జనంల నుంచి ఎవడో రాయి ఇసిరిండు. ఊరంత గట్లుండరు, ఎవడో ఒక్కడు. మీ తాత అప్పటికే ఉరికొస్తుండట. "నా బామ్మర్దిని అంటార్రా" అని ఒర్రుకుంట వచ్చి ముంగట నిలవడ్డడు. రాయి నెత్తికి తాకింది. ఇగ పసుపు బనీన్లోళ్ళు, పాతలైన్లోడు లేదు బజారోడు లేదు, ఒక్కటే గుంపుగ జనం మీదికి పోయిండ్రు. కొట్లాడిండ్రన్న మాట నిజమే, గని వాళ్ళల్ల వాళ్ళు కాదు! దవాఖానకు తీస్కపోయింది గూడ ఆదిలాబాదోళ్ళే, మంచోళ్ళు ఎక్కడైనా ఉంటరు.

వచ్చేటప్పుడు రెండు వాగుల నడుమ చిక్కిండ్రు. మీ తాతకు జరం వచ్చింది. ఓదెలు ఒళ్ళె పెట్టుకున్నడు నెత్తిని. గూడెపోళ్ళు జొన్న గటక పోసిండ్రు. మీ తాత కండ్లు తెరిసి మొదలన్న మాట, "కాలు ఎట్లుందిరా?" అని. నీ కాలు ఎట్లుందిరా ఓదెలూ అని అడిగిండు. గా మాట నాకు చెప్పుకుంట మా తమ్ముడు వాగు దిక్కు తిరిగిండు. బావ బంతినే జూసిండే అక్కా, నాకు అప్పుడే ఎర్కుండె, నోరు రాలే అన్నడు.

లారీని అవతలనే ఇడిసి, బస్సుల, బండిల ఇంటికి వచ్చినం. చౌరస్తల కట్టెలోళ్ళు కట్టెలు పక్కకేసి డప్పులు కొట్టిండ్రు, ఓడి వచ్చినోళ్ళకు! అవ్వ బయటికొచ్చింది. అల్లుని నెత్తి సూసింది, కొడుకు కాలు సూసింది, ఇద్దర్ని ఒక్క సాప మీద కూసోవెట్టి అన్నం పెట్టింది.

అందరు కలిసిపోయిండ్రనుకునేవు, లేదు. పసుపు బనీన్లు మళ్ళ ఎవ్వలు ఏసుకోలే. ఎవ్వల టీము వాళ్ళదే, ఎవ్వల జెండా వాళ్ళదే, ఓట్లు వస్తే మీ తాత ఒక దిక్కు, ఓదెలు ఒక దిక్కు. గని గా తెల్లారి నేను నిద్ర లేసేటాలకు అరుగు మీద లొల్లి. ఉరికొచ్చి సూస్తే ఇద్దరే. "కుడి మూలకు కొట్టాల్నా, ఎడమ మూలకు కొట్టాల్నా? నీకు బుద్ధున్నదారా?" అని మీ తాత. "నీకేం ఎర్క బావా, బ్యాకు ఆడేటోనివి, నీ బతుకుల ఒక్క గోలు కొట్టినవా?" అని ఓదెలు. నెత్తికి కట్టు ఉన్నదన్న సోయి గూడ లేదు, చేతులు తిప్పుకుంట ఒకటే ఒర్రుడు. ఇంటింటోళ్ళు బయటికొచ్చిండ్రు, ఏమైంది ఏమైంది అనుకుంట. నేను దర్వాజల కూసుండి ఇన్న. ఏడాది సంది సప్పుడు లేని ఇల్లు బిడ్డా. కొట్లాడుకోని తియ్యి, ఎంత సేపన్న కొట్లాడుకోని అనుకున్న. గంత నిమ్మలంగ నా పానం ఎన్నడు లేదు.

బంద్ జెయ్యి ఇగ దాన్ని, నోరు ఎండిపోయింది. ఇటు రా, నెత్తి వంచు. నీకు గూడ నీ అన్న, నీ ఇంటాయన ఒక్క అరుగు మీద కూసుండి లొల్లి వెట్టుకునేటట్టు ఉండాలె. సల్లగ బతుకు బిడ్డా... పోయి జర చాయ్ పెట్టరాదు...